ఆశీర్వాదం గారి ముఖం

మట్టిని మనిషిగా చేసి, ఆ మట్టికుండను ఇంతకాలం పగలనివ్వకుండా తన అరచేతిలో మోస్తున్న దేవునికి స్తోత్రం. ఏలూరులోని నా రెండు గదుల ఇంట్లో తెల్లవారగానే ఆయన నామం తలచుకోకుండా నేను కాఫీ గ్లాసు ముట్టుకోను. కలం పట్టే ముందూ అంతే. ఈ అధ్యాయానికి మాత్రం, ప్రార్థించి లేచి కూర్చున్నాక కూడా చెయ్యి చాలాసేపు కదల్లేదు. ఇంతవరకు మా నాన్నగారి గురించి రాసిన చోటల్లా ఆయన భక్తి గురించి, ఆయన పాడే పాటల గురించి, ఆదివారం ఉదయం ఆయన ఇస్త్రీ చేసుకునే తెల్లచొక్కా గురించి రాశాను. ఇది ఆయన సిగ్గుతో తల దించుకున్న సంగతి. ఆయన కూతుర్ని గనుక ఆ సిగ్గు నాకూ వచ్చింది, ఇంకా పోలేదు. స్తోత్రానికి తగిన దేవుని ముందు నిజం దాచడం తగదు కాబట్టి రాస్తున్నాను.

ఈమధ్య కొల్లేటి లంక గ్రామం ఒకదాన్నుంచి అక్కడి పాస్టరు గారు ఫోను చేశారు. నాకు కొడుకయ్యే వయసు ఉంటుంది. మందిరానికి సున్నం వేయిస్తున్నామని, గోడ మీది పాత ఫోటో దించామని, అందులో ఎవరెవరున్నారో చెబితే కింద పేర్లు రాయిస్తామని అన్నారు. వెళ్ళాను. నా చిన్నతనంలో పడవ మీద పోయిన దారిలో ఇప్పుడు చేపల చెరువుల గట్ల మీద ఆటో పోతోంది. మందిరం అరుగు మీద ఆ ఫోటోను గోడకు ఆనించి పెట్టారు. ఊరి సంఘమంతా ఉంది అందులో, ప్రతిష్ఠ రోజున తీసింది.

“ఇది మీ నాన్నగారు తీసిందేనంట కదండీ అమ్మగారూ?” అన్నాడు పాస్టరు.

“అవును బాబూ.”

“పాతదైపోయి మొహాలన్నీ చెరిగిపోయినియ్యండి. ఈ కొల్లేటి చెమ్మ అలాంటిది. ఆ రోజుల్లో ఎంత బాగుండేదో!”

“చెమ్మ కాదు బాబూ. మొదటి రోజు నుంచీ ఇది ఇంతే.”

పెద్దావిడ ఏదో వినయానికి అంటోందనుకుని నవ్వేశాడు. వాళ్ళ ముత్తవ్వ ఎక్కడుందో చూపించమని ఒకమ్మాయి నా పక్కన చేరింది. చూపించలేకపోయాను. ముందు వరసలో నడుమ కూర్చున్నది ఆశీర్వాదం గారని మాత్రం చెప్పాను. అది కూడా ముఖం చూసి కాదు, ఒళ్ళో ఉన్న పెద్ద బైబిలును చూసి. ఎందుకిలా ఉందని అక్కడ ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సిన మాట ఇది.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో స్టేషనుకు పోయే రోడ్డులో ఉండేది. ముందు గది స్టూడియో, దాని వెనక చీకటి గది, ఆ వెనక మేము. ఫోటోలు కడిగే హైపో వాసన, వీధి చివర రైసుమిల్లు ఊక పొగ, అమ్మ వేయించే ఉప్పుచేపల వాసన, ఈ మూడూ కలిసిన గాలి మాది. “వదిన పెట్టిన అన్నంలో కూడా ఫోటో మందు వాసనొస్తందర్రా” అని మా మేనత్త వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకునేది, మూసుకునే రెండోసారి వడ్డించుకునేది. పొద్దున్నే కుటుంబ ప్రార్థన, సాయంత్రం దీపం పెట్టాక మళ్ళీ ప్రార్థన. ఆ రోజుకి ఒక వచనం అప్పజెప్పనిదే పళ్ళెం ముందుకు జరిగేది కాదు. నాన్నగారికి వాక్యంలో సగం పైగా కంఠతా వచ్చు. గుడిలో అయ్యగారు చదువుతూ ఎక్కడైనా తడబడితే మూడో బెంచీ నుంచి మెల్లగా అందించేవారు. “దైవసహాయం మాస్టారు ఉండగా బైబిలు ఇంట్లో మర్చిపోయి వచ్చినా పర్వాలేదండీ” అని అయ్యగారు అందరిలో మెచ్చుకుంటే, ఆయన వద్దండీ వద్దండీ అంటూనే మెడ కాస్త నిటారుగా పెట్టేవారు. నాకు అది ఎంతో గొప్పగా ఉండేది.

ఆయన కెమెరా కర్రది. ముక్కాలి స్టాండు మీద నిలబెడితే నా భుజం దాటేది. ముందు లెన్సు, వెనక గీకిన గాజుపలక, రెంటికీ మధ్య కొలిమితిత్తిలా సాగే నల్లటి తోలు. బొమ్మ ఆ గాజుపలక మీద తలకిందులుగా పడుతుంది. అది సరిగ్గా కుదిరేదాకా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, ఆ తరవాత గాజుపలక చోట మందు పూసిన ప్లేటు పెట్టి ఫోటో తీయాలి. చిక్కంతా లెన్సుతోనే. అది స్లో లెన్సు. వెలుగును చిటికెడు చిటికెడు మాత్రమే లోపలికి రానిస్తుంది. స్టూడియోలో పెద్ద దీపాల ముందు ఎలాగో నెట్టుకురావచ్చు. ఆరుబయట అలా కాదు. బయట ఎండ కళ్ళల్లో పొడుస్తుంటే, నల్లగుడ్డ కప్పుకుని చూసిన గాజు మీద బొమ్మ ముసురు రోజు సాయంత్రం నూతిలోకి తొంగిచూసినట్టు ఉంటుంది. నడిమధ్య కాస్త వెలుగు, మూలలన్నీ చీకటి. ఎండలోంచి వచ్చిన కంటికి మొదట అదీ కనబడదు. లోపల ఉక్కలో, చెమట కారుతుండగా, కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేదాకా నిలబడాలి. తొందరపడ్డవాడికి కుదిరినట్టే ఉంటుంది. కడిగి చూస్తే తెలుస్తుంది కుదరలేదని.

నాన్నగారు ఎన్నడూ తొందరపడేవారు కాదు. పాత గొడుగు గుడ్డలు రెండు పొరలు వేసి అమ్మ కుట్టిన నల్లగుడ్డ తల మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని లోపలే ఒక పాట పాడుకునేవారు. పాట అయ్యేసరికి కళ్ళు చీకటికి కుదురుకునేవి. పెళ్ళిళ్ళలో ఆ గుడ్డలోంచి సన్నగా పాట వినబడగానే కుర్రాళ్ళు “ఒరేయ్, గుడారంలో ఆరాధన మొదలైందిరోయ్” అని నవ్వేవారు. పాటయ్యాక లెన్సును జరిపే పళ్ళచక్రం మెల్లగా తిప్పేవారు. బొమ్మ తేరుకుంటుంది, ఇంకా తేరుకుంటుంది, మళ్ళీ చెదరడం మొదలవుతుంది. అప్పుడు వెనక్కి తెచ్చి ఆపేవారు. “దాటి చూస్తేగాని ఎక్కడ ఆగాలో తెలియదమ్మా” అని నాకు చెప్పేవారు. నన్నూ గుడ్డ కిందకి రమ్మని, ఎదురుగా కూర్చున్న మనిషి కంట్లో సూదిమొనంత మెరుపు చూపించి, “అది చుక్కలా నిలిచిందా? అంతే, ఇక మనిషంతా వచ్చినట్టే” అనేవారు. అప్పటికి నేను ట్రైనింగు కాలేజీలో చేరబోతున్నాను. ఆడపిల్ల నలుగురిలో నల్లగుడ్డలో దూరితే జనం నవ్వుతారని అమ్మ కసిరేది గానీ, ఆదివారాలూ సెలవులూ నేనే ఆయన వెంట పెట్టె మోసుకుని వెళ్ళేదాన్ని.

ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. కంటి మెరుపు మీద ఫోకస్ చేసే మనిషి, కూర్చున్నవారి చేతికి బైబిలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆయన కంఠతా వచ్చిన ఒక కీర్తన ఉన్న పేజీ తెరిచి, తలకిందులుగా పట్టుకోమనేవారు. తలకిందులుగా పట్టుకుంటే గాజు మీద అక్షరాలు నిలువుగా పడతాయి. తెల్ల కాగితం, నల్ల అక్షరం, చీకట్లో కూడా తెలుస్తాయని ఆయన మాట. అక్షరాలు తేరుకోగానే గుడ్డలోంచే ఆ కీర్తన గొంతెత్తి చదివేవారు. అంత దూరం నుంచి అంత చిన్న అక్షరాలు చదువుతున్నారని జనం ఆశ్చర్యపోయేవారు, చివర ఆమేన్ అనేవారు. తరవాత పుస్తకం సరిగ్గా తిప్పి పట్టుకోమని ఫోటో తీసేవారు. నాకూ మొదట్లో ముచ్చటగానే ఉండేది. కానీ ఇంట్లో ఆయన టీ గ్లాసు పక్కన పోసేవారు. మునిమాపు వేళ సైకిలు తొక్కడం మానేశారు. ఫోటోల మీద పెన్సిలుతో గీతలు సరిదిద్దేటప్పుడు ముక్కు కాగితానికి తగిలేది. “ఒకసారి కళ్ళు చూపించుకోకూడదూ?” అంది అమ్మ ఒకనాడు. “నా కళ్ళకేమొచ్చింది?” అన్న ఆ గొంతు విని అమ్మ మళ్ళీ ఎత్తలేదు. అదే వీధిలో కొత్తగా ఇంకో స్టూడియో తెరిచారు. ఫోటోగ్రాఫరుకి చూపు ఆనడం లేదన్న మాట ఒక్కసారి బజారెక్కితే మా పొయ్యిలో పిల్లి పడుకుంటుందని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తెలిసినట్టు ఎవరమూ మరొకరికి తెలియనివ్వలేదు.

లంకలో మందిర ప్రతిష్ఠకి మమ్మల్ని పిలిచారు. బస్సు దిగి, కెమెరా పెట్టె తడవకుండా పెద్ద పడవలో మధ్యన పెట్టుకుని వెళ్ళాం. ఆ మందిరానికి పునాది మట్టి తన పడవలో మోసిన మనిషి ఆశీర్వాదం గారు. చేపలు పట్టే మనిషి, చదువు రాదు, పాటలన్నీ వచ్చు. అప్పటికే ఆయాసంతో మనిషి సగమైపోయాడు. ఇద్దరు పట్టుకుని తెచ్చి ముందు వరసలో నడుమ కుర్చీలో కూర్చోబెట్టారు. జన్మలో ఫోటో దిగలేదట. ఎవరిదో కోటు తొడిగారు, అది భుజాల దగ్గర ఖాళీగా వేలాడుతోంది. ఎండ పడకుండా ముందు తాటాకు పందిరి వేశారు. పందిట్లో నీడ, పందిరి బయట నీళ్ళ మీది ఎండ. స్లో లెన్సుకి అంతకన్నా పాడుచోటు ఉండదు.

నాన్నగారు బైబిలు తెరిచి తిరగేసి ఆయన చేతికిచ్చారు. భార్య మరియమ్మ గారు పక్కనే నిలబడి ఉంది. ఊరంతా జడిసే నోరు ఆవిడది.

“ఏవండీ మాస్టారూ, పుస్తకం తిరగేసి ఇచ్చారేంటండి?”

“నా గాజు మీద అన్నీ తలకిందులుగా పడతాయండి మరియమ్మ గారూ. తిరగేసి పట్టుకుంటే నాకు సరిగ్గా కనబడుతుంది.”

“ఆయ్, అయితే మా ఆయన్ని కూడా తిరగేసి కూకోబెట్టండి. అప్పుడన్నా సరిగ్గా కనబడతాడేమో చూత్తాను!”

జనం గొల్లుమన్నారు. ఆశీర్వాదం గారు ఆయాసంలోనే నవ్వారు. “చూశారాండి. అయ్యగారు ఎదురుగా ఉన్నా దీని నోటికి జంకు లేదండి. గుడికి తలుపులు పెట్టారు గానీ దీనికి పెట్టలేకపోయారు.”

“ఊరుకోండి, దగ్గొస్తది” అంది ఆవిడ, ఆయన ఉత్తరీయం సర్దుతూ.

నాన్నగారు నల్లగుడ్డలోకి వెళ్ళారు. పాట వినబడింది. ఈలోగా నీళ్ళ మీంచి గాలి వచ్చి ఉత్తరీయం జారితే, సర్దడానికి నేను ముందుకి వెళ్ళాను. బైబిలు పేజీలు గాలికి తిరిగిపోయి ఉన్నాయి. ఆశీర్వాదం గారు జాగ్రత్తగా బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు, కానీ ఆయన నొక్కింది వేరే పేజీని. అక్కడ కీర్తన లేదు. వంశావళి ఉంది, పేరు వెంట పేరు. సరిగ్గా అప్పుడే నా వెనక గుడ్డలోంచి నాన్నగారి గొంతు లేచింది. కీర్తన మొదటి నుంచి చదువుతున్నారు. ఎక్కడా తడబడకుండా, ఒక్కొక్క మాటా చూసి చదువుతున్నట్టు ఆగి ఆగి.

“స్తోత్రం! చీమల్లాంటి అచ్చరాలండీ, ఎలా చదివేత్తన్నారో చూడండి!” అంటున్నారు జనం.

ఆయన అబద్ధం ఆడడం లేదు. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆ మసక గాజు మీద నిజంగానే ఆయనకి ఆ అక్షరాలు కనబడుతున్నాయి. గుండెలో అంతగా నాటుకుపోయిన మాటలు కంటికి ముందే అందివస్తున్నాయి. రోజూ వాక్యం చదవని మనిషైతే మసకను మసక అనుకునేవాడు. ఊరంతా చూస్తుండగా గిరుక్కున తిరిగి వెళ్ళి నల్లగుడ్డ ఎత్తి లోపల దూరాను. వెనక ఎవరో కుర్రాడు ఈల వేశాడు.

“నాన్నగారూ, పేజీ తిరిగిపోయింది. అక్కడ ఆ కీర్తన లేదు.”

చదవడం ఆగిపోయింది. ఇద్దరి ఊపిరితో లోపల గాలి వేడెక్కింది.

“మరేముంది?” అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

“పేర్లు. వంశావళి.”

చక్రం మీద ఉన్న ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను గాజు వంక చూశాను. ఎండలోంచి వచ్చిన నా కళ్ళకి ఏమీ కనబడలేదు. “కాసేపు నన్ను ఉండనివ్వండి. కళ్ళు కుదురుకుంటే నేను చూస్తాను.”

“నువ్వు చూస్తే బయట వాళ్ళు ఏమనుకుంటారు?”

“ఏమీ అనుకోరు నాన్నగారూ.”

“అనుకుంటారమ్మా.” కోప్పడి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. ఆయన గొంతులో కోపం లేదు. అప్పు అడిగేవాడి గొంతులా ఉంది. “బయటికి వెళ్ళమ్మా కరుణా. వెళ్ళు తల్లీ.”

వెళ్ళేముందు ఆయన చెయ్యి ఆ చక్రాన్ని కాస్త తిప్పడం చూశాను. దేన్ని చూసి తిప్పారో దేవునికే తెలుసు. బయటికి వచ్చేసరికి జనం నా చెదిరిన జుట్టు చూసి నవ్వుతున్నారు. తాగి ఒళ్ళు మరిచిన తండ్రి మీద వెనక్కి నడిచి బట్ట కప్పిన కొడుకుల కథ ఆదివారపు బడిలో మాకు నేర్పారు. మా నాన్నగారి మీద బట్ట ముందే ఉంది. దాని కింద ఏముందో చూసి వచ్చిన కూతుర్ని నేను. నవ్వే జనంలో నవ్వు ముఖం పెట్టుకుని నిలబడ్డాను. అయ్యగారు ప్రార్థన చేశారు. నాన్నగారు ప్లేటు పెట్టి, “ఎవరూ కదలొద్దండీ” అని లెన్సు మూత తీశారు. నీడలో ఆ స్లో లెన్సుకి చాలాసేపు మూత తీసి ఉంచాలి. పిల్లలు కదిలారు, ఆడవాళ్ళు కదిలారు. ఆశీర్వాదం గారు మాత్రం దగ్గు బిగబట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా రాయిలా కూర్చున్నారు.

“ఇంకొకటి తీస్తారా మాస్టారూ?” అన్నారు అయ్యగారు.

“అక్కర్లేదండీ. బాగా వచ్చింది.”

మర్నాడు చీకటి గదిలో ఎర్రదీపం కింద ప్లేటు కడిగాం. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టి, నా చేతికిచ్చారు. “ఎలా ఉంది?”

“వెనక గోడ మీది రాతిపలక బాగా వచ్చింది. దాని మీది అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి.”

“మొహాలు?”

“లేవు నాన్నగారూ.”

ఆయన ప్లేటును తిరిగి నీళ్ళ ట్రేలో పెట్టారు. ప్లేటు పగిలిందని చెప్పి వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్దామన్నారు. ఆ ఆదివారం రాకముందే ఆశీర్వాదం గారు ప్రభువునందు నిద్రించారని కబురొచ్చింది. ఇక మళ్ళీ తీసేందుకు ఏమీ మిగల్లేదు. ఉన్నదాన్నే అచ్చు వేసి పటం కట్టించి పంపారు. గోదావరి జిల్లా మర్యాద ఎంత మంచిదో అంత కఠినమైంది. ఆ ఊరి నుంచి ఒక్కరంటే ఒక్కరు కూడా బాగాలేదనలేదు. “చాలా బాగుందండీ” అన్నారు. చీర అంచుల్ని బట్టి, నిలబడిన తీరును బట్టి తమను తాము వెతుక్కున్నారు.

మరియమ్మ గారు మాత్రం బుట్టలో బొమ్మిడాయిలు పెట్టుకుని పడవా బస్సూ మారి మా స్టూడియోకి వచ్చింది. తెల్లచీరలో మనిషి వేరేగా ఉంది. “అందులోంచి ఆయన మొహం ఒక్కటీ పెద్దది చేసివ్వండి మాస్టారూ. ఆయనది ఇంకోటి లేదండి. జ్ఞాపకార్థ కూడికకి ముందర పెట్టుకుంటాను” అంది. నాన్నగారు సరేనన్నారు. పెద్దది చేస్తే ఏముంది, చిన్న మసక పెద్ద మసకైంది. ముఖం ఉండాల్సిన చోట నానిన అట్టలాంటి తెలుపు, కళ్ళున్న చోట రెండు నీడలు.

“కళ్ళూ ముక్కూ పెన్సిలుతో గీసి ఇచ్చెయ్యండి. ముసలి మొహాలు ఎవరివైనా ఒకటే. పాపం, ఆవిడ మాత్రం అంత పట్టి చూస్తుందా?” అంది అమ్మ. అమ్మది పాడు బుద్ధి కాదు, భయం. నాన్నగారు పెన్సిలు చెక్కుకుని ఆ కాగితం ముందు కూర్చున్నారు. అన్నానికి పిలిచినా లేవలేదు. గీయలేదు కూడా.

మరియమ్మ గారు మళ్ళీ వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. కుర్చీ వేయమని నాతో అన్నారు గానీ తను కూర్చోలేదు. “అమ్మా, ఆయన ముఖం రాలేదు. అది నా తప్పు. నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు. ఆ రోజు ఫోకస్ కుదిరిందో లేదో నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ కీర్తన కూడా నేను చూసి చదవలేదు.”

ఆవిడ చంకలోని బుట్ట కింద పెట్టింది. ఆ నోటికి ఊరు జడిసేది. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

“ఆ పూటే చెప్పాల్సిందండీ” అంది మెల్లగా. “ఈ అమ్మాయి గారి చేత చూపించుకుని, ఇంకోసారి కూకోమంటే కూకునేవోరండి ఆయన. మీరు తీసేదాకా కూకునేవోరు.”

అంతే. పైట కొంగు సర్దుకుని, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది. నాన్నగారు స్టూడియో తలుపు మూసి లోపల మోకాళ్ళూనారు.

ఇప్పుడు నా ఫోను పైకెత్తితే చాలు, ముఖం ఎక్కడుందో అదే వెతికి చుట్టూ గడి గీస్తుంది. చూపులేనివాడు తీసినా ముఖాలు వస్తాయి. మా నాన్నగారికి వచ్చిన సిగ్గు ఈ కాలంలో ఎవరికీ రాదు. అయితే ఆ రోజుల్లో ఒక మనిషి ముఖం కోసం ఊరంతా ఊపిరి బిగబట్టేది. ఇప్పుడు నా ఫోనులో ఉన్న ముఖాల్లో చాలావాటిని రెండోసారి చూసిన గుర్తు లేదు. నన్ను ఇంకా కలవరపెట్టేది మరొకటి. ఎన్నో ఆదివారాలు నా చేతిలో వాక్యం తెరిచే ఉంటుంది, పెదవులు కదులుతుంటాయి, నేను చదువుతున్నాననే అనుకుంటాను. పేజీ ఎప్పుడో తిరిగిపోయి ఉంటుంది. కంఠతా వచ్చిన మాటను చూసిన మాట అనుకోవడం భక్తిగలవాళ్ళకే వచ్చే జబ్బు. అది మా ఇంట్లో నాన్నగారితో ఆగిపోలేదు.

ఆ వచ్చిన ఆదివారం ఆయన మా గుడిలో లేచి నిలబడి, తన చూపు సంగతి సంఘానికి చెప్పారు. పెళ్ళిళ్ళ సీజనంతా కొత్త స్టూడియోకి పోయింది. అమ్మ గాజులు అమ్మి మిషను ఆసుపత్రిలో శుక్లాలు తీయించారు. సీసా అడుగులాంటి దళసరి అద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజున మొట్టమొదట ఆ ఫోటో తెమ్మన్నారు. వెలుగులోకి తీసుకెళ్ళి ప్రతి ముఖం మీదా వేలు పెట్టి చూశారు. ఆశీర్వాదం గారి దగ్గర వేలు ఆగింది. “ఇంతుందా అమ్మా మసక!” అన్నారు.

కెమెరా పెట్టె నా నెత్తిన పెట్టించి మళ్ళీ లంకకి వెళ్ళారు. మరియమ్మ గారి ఫోటో తీసిస్తానని, ఎంతసేపైనా సరే కుదిరేదాకా తీస్తానని, ఈసారి అమ్మాయి కూడా చూస్తుందని అన్నారు. ఆవిడ వాకిట్లో వల బాగుచేయిస్తోంది. కెమెరా వంక, ఆయన లావుపాటి అద్దాల వంక చూసింది. “చూపొచ్చిందాండి? దేవునికి స్తోత్రం” అంది మనస్ఫూర్తిగా. తరవాత తల అడ్డంగా ఊపింది. “నాదెందుకండీ? ఆయన లేకుండా నా ఒక్కదాని మొహం గోడకి పెట్టుకుని ఏం చేసుకుంటానండి?”

నాన్నగారు బతిమాలలేదు. పెట్టె విప్పకుండానే లేవబోయారు. ఆవిడ ఊరుకోలేదు. “ఎండన పడి వచ్చారు, అన్నం తినకుండా వెళ్తే ఎలాగండీ” అని ఇద్దరికీ పీటలు వేసింది. చేపల పులుసు పోసింది. ఆయన విస్తట్లో మంచి ముక్క చూసి మరీ వేసింది. నాన్నగారు తల వంచుకుని కృతజ్ఞతా ప్రార్థన చేయబోయారు. భోజనానికి ముందు ఆయన చెప్పే ప్రార్థన ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. ఆ రోజు మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. పులుసు చల్లారిపోతుండగా ఆవిడే చేతులు జోడించి, “తినమని ప్రభువు ఎప్పుడో చెప్పాడండి, తినండి” అంది. తిన్నాం.

ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, పుస్తకం కాసేపు పక్కన పెట్టి నాతో కలిసి ప్రార్థించండి. కంఠతా వచ్చిన మాటలతో వద్దు. తడబడినా సరే, అప్పటికప్పుడు వచ్చిన మాటలతో. తండ్రీ, మాకు తెలియనప్పుడు తెలియదని పదిమందిలో చెప్పే నోరు ఇవ్వు. మా వల్ల పోగొట్టుకున్నవాళ్ళు మా ముందు విస్తరి వేసినప్పుడు, దాన్ని ఆలస్యం చేయకుండా అందుకునే వినయం ఇవ్వు. ఆశీర్వాదం గారిని నీవు ముఖాముఖిగా ఎరుగుదువు. మరియమ్మ గారి మనవలు ఆ లంకలో ఉన్నారు. వాళ్ళ వలల మీద, వాళ్ళ గుమ్మాల మీద నీ చెయ్యి ఉంచు. ఆమేన్ అనేముందు కొంచెం ఆగుదాం.